111 ఓటముల లెక్క: 2013లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఏం కొనుక్కుంది?

2013 ఏప్రిల్ 2 రాత్రి. అమెరికాలోని హ్యూస్టన్‌లో, మినిట్ మెయిడ్ పార్కులో బేస్‌బాల్ మ్యాచ్. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, అప్పటికి రెండు ఔట్లు. టెక్సస్ రేంజర్స్ పిచర్ (బంతి వేసేవాడు) యూ దర్విష్ వరసగా 26 మంది ఆస్ట్రోస్ బ్యాటర్లను వెనక్కి పంపాడు. అందులో 14 మంది స్ట్రైకౌట్, అంటే బంతిని కొట్టలేకే ఔట్. ఒక్కడూ ఫస్ట్ బేస్ మొహం చూడలేదు. ఇంకొక్కడిని ఔట్ చేస్తే పర్ఫెక్ట్ గేమ్, అంటే వరసగా 27 మందినీ ఒక్కడూ బేస్ చేరకుండా ఔట్ చేయడం. అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్ చరిత్ర మొత్తంలో అప్పటికి 23 సార్లే జరిగిన సంగతి అది. 27వ బ్యాటర్‌గా వచ్చిన మార్విన్ గొంజాలెజ్ మొదటి బంతినే కొట్టాడు. బంతి నేలబారుగా వచ్చి, దర్విష్ కాళ్ళ సందులోంచి దూరి, సెంటర్ ఫీల్డ్‌లోకి పోయింది. పరువు దక్కింది గానీ మ్యాచ్ దక్కలేదు. ఆస్ట్రోస్ 7-0తో ఓడింది.

ఆ ఏడాది హ్యూస్టన్ అభిమానులకు దొరికిన సంతోషాలన్నీ దాదాపు ఈ సైజులోనే ఉన్నాయి. అంతకు రెండు రోజుల ముందు సీజన్ తొలి మ్యాచ్‌లో ఇదే రేంజర్స్‌ను 8-2తో ఓడించారు. ఓటములకన్నా గెలుపులు ఎక్కువ ఉన్న రోజులు ఏడాది మొత్తంలో ఆ రెండే. చివరికి 51 గెలుపులు, 111 ఓటములు. ఆఖరి 15 మ్యాచ్‌లూ వరసగా పోయాయి. సెప్టెంబర్ 29న న్యూయార్క్ యాంకీస్‌తో జరిగిన చివరి మ్యాచ్ అయితే తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలక 14 దాకా సాగి, అప్పుడు ఓడారు.

బేస్‌బాల్‌లో 111 ఓటములంటే ఏమిటో క్రికెట్ లెక్కతో చూస్తే అర్థం కాదు. సీజన్‌కు 162 మ్యాచ్‌లు. ఎంత గొప్ప జట్టయినా అందులో మూడో వంతు ఓడుతుంది, ఎంత చెత్త జట్టయినా మూడో వంతు గెలుస్తుంది, మిగిలిన మూడో వంతే తేడా తేలుస్తుంది అని ఆ ఆటలో ఒక పాత మాట ఉంది. మూడో వంతు అంటే 54. ఆస్ట్రోస్ 51 దగ్గర ఆగింది. ఎవరైనా ఊరికే అందుకునే గీత కూడా అందలేదన్నమాట. పైగా ఇది ఒక్క ఏడాది సంగతి కాదు. 2011లో 106 ఓటములు, 2012లో 107, ఇప్పుడు 111. మూడేళ్ళలో 324.

ఈ కథను ఇప్పుడు చెప్పేవాళ్ళు సాధారణంగా ఒక వాక్యంతో తేల్చేస్తారు: కావాలని ఓడారు, మంచి కుర్రాళ్ళను ఎంచుకున్నారు, 2017లో ప్రపంచ విజేతలయ్యారు. వినడానికి బాగుంటుంది. కానీ 2017 జట్టులో ఎవరు ఎక్కడినుంచి వచ్చారో ఒక్కొక్కరినీ పట్టి చూస్తే, 111 ఓటములు కొనిపెట్టినది అందరూ అనుకునేది కాదని తెలుస్తుంది.

ముందు ఈ స్థితిలోకి ఎలా పడ్డారో చూడాలి. 2005లో ఆస్ట్రోస్ మేజర్ లీగ్ ఫైనలైన వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళి చికాగో వైట్ సాక్స్ చేతిలో 4-0తో ఓడింది. ఆ జట్టు అప్పటికే ముదురు జట్టు. యాజమాన్యం ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అంటూ వయసు మళ్ళిన వాళ్ళనే నమ్ముకుంది. ఖరీదైన ఫ్రీ ఏజెంట్లను (ఒప్పందం ముగిసి ఏ జట్టుతోనైనా బేరమాడగల ఆటగాళ్ళను) తీసుకున్నందుకు జరిమానాగా 2007 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే చోట, మొదటి రెండు రౌండ్లలో ఒక్క పిక్ (ఎంపిక) కూడా మిగల్లేదు. మూడు, నాలుగు రౌండ్లలో ఎంచుకున్న కుర్రాళ్ళు బేరం కుదరక సంతకాలు పెట్టలేదు. విత్తనాల కోసం దాచిన వడ్లు కూడా దంచుకు తినేశారు. అమెరికన్లు మైనర్ లీగ్ జట్ల వ్యవస్థను ‘ఫార్మ్’ అంటారు. మన మాటల్లో నారుమడి అనవచ్చు. 2010 నాటికి హ్యూస్టన్ నారుమడి ఎండిపోయింది. పైన చేలో ఉన్న రాయ్ ఓస్వాల్ట్, లాన్స్ బర్క్‌మన్‌లను ఆ ఏడు, హంటర్ పెన్స్, మైకేల్ బోర్న్‌లను మరుసటి ఏడు అమ్మేశారు. అంటే రీబిల్డింగ్, జట్టును కిందినుంచి మళ్ళీ కట్టడం, మొదలైంది పాత యాజమాన్యం చేతుల్లోనే.

2011 నవంబర్‌లో జిమ్ క్రేన్ జట్టును కొన్నాడు. మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో నేషనల్ లీగ్ నుంచి అమెరికన్ లీగ్‌కు మారడానికి ఒప్పుకున్నందుకు ధరలో దాదాపు 7 కోట్ల డాలర్ల తగ్గింపు కూడా దొరికింది. డిసెంబర్‌లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ నుంచి జెఫ్ లూనోను జనరల్ మేనేజర్‌గా తెచ్చుకున్నాడు. లూనో ఒకప్పుడు మెకిన్సీలో కన్సల్టెంట్. అతని వెనకే నాసాలో పనిచేసిన సిగ్ మెజ్డాల్ వచ్చాడు. అతని హోదా పేరు ‘డెసిషన్ సైన్సెస్’ డైరెక్టర్. బ్యాటూ గ్లవ్వూ పట్టే ఆటలో అలాంటి బోర్డు పెట్టినప్పుడే ఊరూరా తిరిగి ఆటగాళ్ళను వెతికే పాతకాలపు స్కౌట్లకు ఒళ్ళు మండింది.

వాళ్ళ తర్కం తెలియాలంటే జీతాల పద్ధతి తెలియాలి. మేజర్ లీగ్‌లోకి వచ్చిన కుర్రాడు మొదటి మూడేళ్ళు ఇంచుమించు కనీస వేతనానికే ఆడాలి. 2013లో అది 4.9 లక్షల డాలర్లు. తర్వాత మూడేళ్ళు ఆర్బిట్రేషన్ (మధ్యవర్తి తీర్పు) ద్వారా జీతం కొంచెం కొంచెంగా పెరుగుతుంది. ఆరేళ్ళు నిండితేనే తనకు నచ్చిన జట్టుతో బేరం చేసుకునే స్వేచ్ఛ. కాబట్టి 24 ఏళ్ళ మంచి ఆటగాడు కారుచౌక, 31 ఏళ్ళ అదే ఆటగాడు కోట్ల డాలర్లు. ఎలాగూ గెలవని జట్టుకు 31 ఏళ్ళవాడితో పని లేదు. దానికి తోడు అప్పట్లో సీజన్‌లో చివర నిలిచిన జట్టుకే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. యూరప్ ఫుట్‌బాల్‌లో లాగా అట్టడుగున నిలిస్తే కింది డివిజన్‌కు తోసేయడం ఇక్కడ ఉండదు. టీవీ హక్కుల డబ్బులో జాతీయ వాటా ఓడినా గెలిచినా ఒకటే. ఇన్ని నియమాలు కలిపి చూస్తే 111 ఓడటంకన్నా 84 ఓడటమే నష్టం. ప్లేఆఫ్స్ రావు, మంచి పిక్కూ రాదు, జీతాల ఖర్చు మాత్రం ఉంటుంది.

ఇక్కడ మనవాళ్ళకు ఒక అనుమానం రావచ్చు. హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్ 2008 ఐపీఎల్‌లో 14 మ్యాచ్‌లకు రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడే గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు కొట్టింది. హ్యూస్టన్‌కు అన్నేళ్ళు ఎందుకు? ఐపీఎల్‌లో వేలంలో దొరికేది తయారైన ఆటగాడు. బేస్‌బాల్ డ్రాఫ్ట్‌లో దొరికేది 17, 21 ఏళ్ళ కుర్రాడు. చిన్న ఊళ్ళలో బస్సుల్లో తిరుగుతూ మైనర్ లీగ్‌లో మూడు నాలుగేళ్ళు ఆడితే గానీ పైకి రాడు, చాలామంది రానే రారు. పైగా అక్కడ 14 మ్యాచ్‌లు, ఇక్కడ 162. అదృష్టం తోసుకుపోవడానికి అక్కడ ఉన్నంత వీలు ఇక్కడ ఉండదు.

సరే, 2013కు వద్దాం. సీజన్ మొదట్లో ఆస్ట్రోస్ జట్టు మొత్తం జీతాలు రెండున్నర కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉన్నాయి, లీగ్‌లో అందరికన్నా తక్కువ. యాంకీస్‌లో అలెక్స్ రోడ్రిగెజ్ ఒక్కడి జీతమే అంతకు మించి ఉంది. ఉన్న కాసిని పేర్లు కూడా జులై దాటలేదు. పిచర్ బడ్ నారిస్ బాల్టిమోర్‌కు, హోసే వెరాస్ డెట్రాయిట్‌కు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఏడాదంతా కలిపి 1,535 సార్లు స్ట్రైకౌట్ అయ్యారు. అప్పటికి అది మేజర్ లీగ్ రికార్డు. క్రిస్ కార్టర్ ఒక్కడివే 212. చేసిన పరుగులు 610, ఇచ్చినవి 848.

చూసేవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. 2007లో స్టేడియానికి 30 లక్షల మంది వచ్చిన నగరం అది. 2013లో పదహారున్నర లక్షలు. టీవీలో చూద్దామన్నా, జట్టుకు వాటా ఉన్న స్థానిక చానెల్‌కూ కేబుల్, శాటిలైట్ కంపెనీలకూ ధర కుదరక నగరంలో సగానికి పైగా ఇళ్ళకు ఆ చానెల్ రానేలేదు. సెప్టెంబర్ 22న క్లీవ్‌లాండ్‌లో జరిగిన మ్యాచ్‌కు హ్యూస్టన్‌లో నీల్సన్ రేటింగ్ 0.0. అంటే లెక్కకోసం మీటర్లు పెట్టిన ఇళ్ళలో ఒక్కదాంట్లోనూ ఎవరూ చూస్తున్నట్టు నమోదు కాలేదు. అదే సమయానికి ఫుట్‌బాల్ జట్టు టెక్సన్స్ ఆట ఉంది, నిజమే. అయినా సున్నా సున్నాయే. ఆ ఆగస్టులోనే ఫోర్బ్స్ పత్రిక, ఆస్ట్రోస్ ఆ ఏడు 9.9 కోట్ల డాలర్ల లాభం చూడబోతోందని, బేస్‌బాల్ చరిత్రలో ఏ జట్టూ అంత సంపాదించలేదని అంచనా రాసింది. యాజమాన్యం అది తప్పు లెక్క అని కొట్టిపారేసింది. టీవీ చానెల్ దివాలా కోర్టుకెక్కిన తీరు చూస్తే యాజమాన్యం మాటలో కొంత నిజం ఉండే ఉంటుంది. కానీ టికెట్ కొనుక్కున్నవాడికి ఆ వార్త ఎలా తగిలి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. రీబిల్డింగ్‌లో భవిష్యత్తు జట్టుది, బిల్లు ప్రేక్షకుడిది.

ఆ బిల్లుకు వచ్చిన సరుకు ఏమిటి? పైకి కనిపించేది వరసగా మూడేళ్ళు డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. అంతకుముందు ఏ జట్టుకూ దక్కనిది. 2012లో ప్యూర్టోరికో కుర్రాడు కార్లోస్ కొరియాను తీసుకున్నారు. అప్పటికి అతనికి 17 ఏళ్ళు. మొదటి స్థానానికి లీగ్ కేటాయించిన మొత్తం 72 లక్షల డాలర్లు, కొరియా 48 లక్షలకు ఒప్పుకున్నాడు. ఆ మిగులే అసలు తెలివి. 41వ స్థానంలో దొరికిన లాన్స్ మెకల్లర్స్‌కు ఆ డబ్బులోంచి 25 లక్షలు ఇచ్చి, కాలేజీకి పోకుండా ఆపారు. అయిదేళ్ళ తర్వాత, యాంకీస్‌తో అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఈ మెకల్లర్సే చివరి 24 బంతులూ వరసగా కర్వ్‌బాల్సే (వంపు తిరిగే బంతులే) వేసి మ్యాచ్ ముగించాడు. ఏం వస్తుందో బ్యాటర్లందరికీ తెలుసు, అయినా కొట్టలేకపోయారు.

2013లో మాత్రం లెక్క తప్పింది. 107 ఓటములకు వచ్చిన మొదటి ఎంపికతో స్టాన్‌ఫర్డ్ పిచర్ మార్క్ అపెల్‌ను తీసుకుని 63.5 లక్షలు ఇచ్చారు. రెండో ఎంపికలో చికాగో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ను తీసుకుంది. మూడేళ్ళలో బ్రయంట్ నేషనల్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు), కబ్స్ ప్రపంచ విజేత. అపెల్ మైనర్ లీగ్‌లోనే నలిగి, 2018లో ఆటకు విరామమిచ్చి, మళ్ళీ వచ్చి, 2022లో 30 ఏళ్ళ వయసులో ఫిలడెల్ఫియా తరఫున మొదటిసారి మేజర్ లీగ్ బంతి వేశాడు.

ఇక 111 ఓటములకు వచ్చిన 2014 ఎంపిక సంగతి చెబితే నవ్వొస్తుంది. హైస్కూల్ పిచర్ బ్రేడీ ఏకెన్‌తో 65 లక్షలకు మాట కుదిరింది. వైద్య పరీక్షలో మోచేతి లిగమెంట్‌పై అనుమానం వచ్చి ఆస్ట్రోస్ ధర తగ్గించింది, గొడవైంది, గడువు దాటిపోయింది. మొదట ఎంపికైన ఆటగాడు సంతకం పెట్టకపోవడం 1983 తర్వాత అదే మొదటిసారి. అప్పట్లో పత్రికలన్నీ లూనోను దుమ్మెత్తిపోశాయి. మరుసటి వసంతంలో ఏకెన్ మోచేతికి ఆపరేషన్ జరిగింది. సంతకం కానందుకు పరిహారంగా 2015లో ఆస్ట్రోస్‌కు రెండో ఎంపిక దక్కింది. దానితో వచ్చినవాడు అలెక్స్ బ్రెగ్మన్, 2017 జట్టు థర్డ్ బేస్‌మన్. కాబట్టి ఆస్ట్రోస్ చరిత్రలో కెల్లా అధ్వాన్నమైన సీజన్ ఫలం నేరుగా చూస్తే సున్నా, చుట్టు తిరిగి వస్తే బ్రెగ్మన్. దీన్ని ప్రణాళిక అనాలో అదృష్టం అనాలో ఎవరిష్టం వాళ్ళది.

మరి మిగిలినవాళ్ళు? జార్జ్ స్ప్రింగర్‌ను 2011లో పాత జనరల్ మేనేజర్ ఎడ్ వేడ్ బృందమే ఎంచుకుంది. డాలస్ కైకెల్ 2009 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్. హోసే అల్టూవే వెనెజువెలాలో ఆస్ట్రోస్ ట్రయల్స్‌కు వస్తే, అయిదున్నర అడుగులు కూడా లేడని ఇంటికి పొమ్మన్నారు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. 2007లో 15 వేల డాలర్లకు సంతకం చేయించుకున్నారు. అంటే 2017లో అమెరికన్ లీగ్ ఎంవీపీ అల్టూవే, ఆ వరల్డ్ సిరీస్ ఎంవీపీ స్ప్రింగర్ ఇద్దరూ, 2015లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన కైకెలూ 2012 కన్నా ముందే ఇంట్లో ఉన్నారు. కన్సల్టెంట్లు రాకముందు, ఎండిపోయిందన్న నారుమడిలోనే.

అలాగని ఆ ఓటములు దండగ అనలేం. వాటివల్ల వచ్చినది ఖాళీ. కైకెల్‌ను చూడండి. 2012లో అతను తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 5.27 పరుగులు ఇచ్చాడు, 2013లో 5.15. గంటకు 90 మైళ్ళు దాటని బంతి. గెలవాలని చూసే ఏ జట్టయినా ఆ అంకెలు చూసి మైనర్ లీగ్‌కు పంపేది, ఆ స్థానంలో ఎవడో 34 ఏళ్ళ అనుభవజ్ఞుడిని తెచ్చి పెట్టేది. 111 మ్యాచ్‌లు ఓడే జట్టుకు ఆ తొందర లేదు. కైకెల్ దెబ్బలు తిన్నాడు, మళ్ళీ వచ్చాడు, బంతిని నేలకు కొట్టించడం నేర్చుకున్నాడు. 2014లో సగటు 2.93, 2015లో 2.48, 20 గెలుపులు, సై యంగ్. అల్టూవే కూడా అంతే. 2013లో బ్యాటింగ్ సగటు .283, సెకండ్ బేస్ అతనిదే, ఎవరూ అడ్డు రాలేదు. 2014లో .341తో లీగ్ బ్యాటింగ్ టైటిల్. డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక అందరికీ కనిపించే బహుమతి. తప్పులు చేస్తూ మేజర్ లీగ్‌లో రోజూ ఆడే చోటు కనిపించని బహుమతి. 2013 హ్యూస్టన్‌లో అలాంటి చోట్లు ఎన్ని కావాలంటే అన్ని.

ఆ చోటును కూడా సరిగ్గా వాడుకోలేదనడానికి జె.డి. మార్టినెజ్ సాక్ష్యం. మూడేళ్ళు హ్యూస్టన్‌లో తడబడ్డాడు. 2013 చలికాలంలో తన స్వింగ్‌ను మొదటినుంచీ మార్చుకుని వచ్చాడు. 2014 మార్చిలో అతన్ని ఊరికే వదిలేశారు. డెట్రాయిట్‌లో చేరి ఆ ఏడే .315 కొట్టాడు, 23 హోమ్ రన్లు. ఓపికే తమ సరుకని చెప్పుకునే ఆఫీసు కొత్త స్వింగ్‌ను నాలుగు వారాలు చూడలేకపోయింది.

అమ్మకాల గొలుసు ఒకటి ఇంకా విచిత్రం. పెన్స్‌ను అమ్మినప్పుడు వచ్చినవాళ్ళలో డొమింగో సాంటానా ఒకడు. నారిస్‌ను అమ్మినప్పుడు జాష్ హేడర్ అనే 19 ఏళ్ళ లెఫ్ట్ హ్యాండ్ పిచర్ వచ్చాడు. 2015లో ఈ ఇద్దరినీ మరో ఇద్దరినీ కలిపి మిల్వాకీకి ఇచ్చి కార్లోస్ గోమెజ్, మైక్ ఫైర్స్‌లను తెచ్చారు. హేడర్ అక్కడ మేటి క్లోజర్ (మ్యాచ్ చివర్లో వచ్చి ముగించే పిచర్) అయ్యాడు. ఫైర్స్ 2017 తర్వాత ఆస్ట్రోస్ నుంచి బయటికి వెళ్ళి, 2019 నవంబర్‌లో నోరు విప్పాడు. సెంటర్ ఫీల్డ్ కెమెరాతో తర్వాతి బంతి ఏది వేయాలో ప్రత్యర్థి క్యాచర్ తమ పిచర్‌కు చేసే సైగలు దొంగతనంగా చూసి, డగౌట్ పక్కన చెత్తడబ్బా మీద బాది తమ బ్యాటర్‌కు చెప్పేవారని. 2020 జనవరి 13న లీగ్ శిక్ష వేసింది. 50 లక్షల డాలర్ల జరిమానా, లూనోకూ మేనేజర్ హించ్‌కూ ఏడాది నిషేధం, రెండేళ్ళపాటు మొదటి రెండు రౌండ్ల పిక్‌లు రద్దు. క్రేన్ ఆ మధ్యాహ్నమే ఇద్దరినీ తీసేశాడు. మూడేళ్ళు ఓడి పోగేసుకున్న వస్తువు ఏదో, కోల్పోయినదీ అదే: డ్రాఫ్ట్ పిక్‌లు.

ఈలోగా పాఠం మాత్రం అందరూ నేర్చేసుకున్నారు. 2014 జూన్‌లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ స్ప్రింగర్ బొమ్మతో, 2017 విజేతలు వీళ్ళేనని ముఖచిత్రం వేసినప్పుడు జనం నవ్వారు. 2017 నవంబర్ 1న అది నిజమయ్యాక నవ్వు ఆగిపోయి నకలు మొదలైంది. లూనో శిష్యుడు మైక్ ఎలియాస్, సిగ్ మెజ్డాల్ 2018లో బాల్టిమోర్ వెళ్ళారు. 2019లో 108 ఓటములు, 2021లో 110, 2023లో 101 గెలుపులు. అచ్చం హ్యూస్టన్ మెట్లే. ఈ దారిలో ప్రపంచ కిరీటం మాత్రం అక్కడికి ఇంకా రాలేదు.

ఇంతమంది ఒకేసారి కిందికి దూకుతుంటే కింద చోటుకు విలువేముంటుంది? ఆటగాళ్ళ యూనియన్ పట్టుబట్టింది. 2022 ఒప్పందంతో డ్రాఫ్ట్ మొదటి ఎంపికలకు లాటరీ వచ్చింది. ఇప్పుడు చివరి మూడు జట్లకూ మొదటి ఎంపిక దక్కే అవకాశం సమానం, తలా 16.5 శాతం. పెద్ద నగరాల జట్లకు వరసగా రెండేళ్ళు లాటరీ ఎంపిక దక్కకూడదని ఇంకో మెలిక పెట్టారు.

హ్యూస్టన్ దగ్గర షుగర్‌ల్యాండ్‌లో, తెలుగు కుటుంబాలు దండిగా ఉన్న ఊళ్ళోనే, ఇప్పుడు ఆస్ట్రోస్ నారుమడిలోని పై మెట్టు జట్టు ఆడుతోంది. అక్కడి పిల్లలకు తెలిసిన ఆస్ట్రోస్ ఏటా గెలిచే నారింజ రంగు జట్టు. 0.0 రేటింగ్ వాళ్ళకు పెద్దవాళ్ళు చెప్పే కథ. చికాగోలో మాత్రం 2005లో ఇదే హ్యూస్టన్‌ను 4-0తో ఊడ్చేసిన వైట్ సాక్స్ 2024లో 41 గెలిచి 121 ఓడింది. 1900 తర్వాత ఏ జట్టూ ఒక సీజన్లో అన్ని ఓడలేదు. పాత నియమాల్లో అయితే మొదటి ఎంపిక వాళ్ళదే. అంతకుముందు ఏడాది లాటరీ ఎంపిక దక్కించుకున్నారు కాబట్టి 2025 డ్రాఫ్ట్‌లో వాళ్ళకు దొరికినది పదో ఎంపిక.